పార్టన్ పాట చివరి చరణం

పదిహేడోవాడు కూడా పాటలో లొట్టల దగ్గరికి రాగానే పొట్ట నిమురుకున్నాడు. ముందున్న పదహారుమందీ నిమిరారు, వీడెందుకు మానతాడు, టీచరు నేర్పింది అదే కదా, కుండ అన్నప్పుడు చేతులు గుండ్రంగా తిప్పాలి, ఉప్పు అన్నప్పుడు వేళ్ళు చల్లినట్టు ఆడించాలి, లొట్టలు అన్నప్పుడు పొట్ట మీద చెయ్యి వెయ్యాలి. ఎల్స్‌పెట్ లెగ్గట్ ఒళ్ళో ఉన్న కాగితం మీద ధారణకి ఎనిమిది, హావభావానికి ఏడు, నిలబడ్డ తీరుకి ఏడు వేసింది. చప్పట్లు కొట్టారు. చెవిలో మిషను పెట్టుకున్న దగ్గర్నించీ చప్పట్లు ఎవరో కంకర దింపుతున్నట్టు వినిపిస్తాయి, ఆపుదామంటే న్యాయనిర్ణేత చెవి మూసుకుందంటారు. ఇంకా పదకొండు మంది. అందరిదీ ఒకే పాట, ఆమె పాటే. రాసిన మనిషిని కూర్చోబెట్టి రాసిన పాట ఇరవై ఎనిమిది సార్లు వినిపించే శిక్ష ఏ చట్టంలోనూ లేదు, పోర్ట్‌క్రేగ్ బడిలో మాత్రం ఉంది.

పార్టనూ పార్టనూ, పక్క నడకేటి? ఎదురుగా దారుంటే ఎనకా ముందేటి? పది కాళ్ళున్నాయి, పరుగెత్తవేటి? అడుగు నేల మీద నీకు అంత పనేటి? పార్టన్ అంటే స్కాట్స్‌లో పీత. ఇక్కడిదాకా బాగానే ఉంటుంది. ఇక్కడిదాకా ఎప్పుడు విన్నా, ఎంత నత్తిగా విన్నా, ఆమెకి లోపల ఏదో కదులుతుంది. తరవాత వస్తుంది కుండ. పొయ్యి మీద కుండుంది, పోదాం రావే, ఉప్పేసి ఉడికిస్తే ఊరంతా లొట్టలే. పిల్లలు నవ్వుతారు, పెద్దలు నవ్వుతారు, ఎల్స్‌పెట్‌కి మాత్రం ముప్ఫై ఆరేళ్ళుగా ఈ రెండు లైన్లు పంటి కింద రాయి. మొదటి నాలుగు లైన్లు ప్రాణమున్నవి. చివరి రెండూ అతికించినవి. ఏది ఎవరిదో ఆమెకి తెలుసు, ఈ హాల్లో ఇంకొకరికి తెలుసు.

ఆ ఇంకొకరు వెనక గోడ దగ్గర, తడికోట్లు వేలాడే కొక్కేల కింద కూర్చున్నాడు, టోపీ మోకాలి మీద పెట్టుకుని. జీమ్స్ మేర్. అరవై అయిదేళ్ళుంటాయి. నలభై ఏళ్ళు చేపల వేటకెళ్ళాడు, ఇప్పుడు రేవులో వలలు బాగుచేస్తాడు. రొట్టెల కొట్లో ఎదురైతే "చలిగా ఉందండీ మిస్" అంటాడు, ఆమె "అవును జీమ్స్" అంటుంది, అంతే, యాభై ఏడేళ్ళుగా ఇద్దరి మధ్యా వాతావరణమే. ఇవాళ వచ్చాడంటే మనవరాలు పాడుతుందన్న మాట. జాబితాలో చూసుకుంది, ఇరవై ఎనిమిది, మిరెన్ మేర్, రెండో తరగతి. ఆఖరు.

మోకాలు సలుపుతోంది. పొద్దున్న బస్సెక్కేటప్పుడే అనుకుంది, ఇదే ఆఖరు, వచ్చే ఏడు ఫోను మోగినా ఎత్తకూడదని. జనవరి రాగానే మోగుతుంది ఫోను. జనవరిలో ఈ దేశానికి తన సొంత స్కాట్స్ భాష గుర్తొస్తుంది, ఆ భాషలో రాసిన మహాకవి పుట్టినరోజు నెలంతా బడిలో, చర్చి హాల్లో, రేడియోలో, ఎక్కడ చూసినా మన మాట మన పాట, హాగిస్ మాంసం పక్కన నంజుకోడానికి పెట్టే టర్నిప్ ముద్దలాగా. ఫిబ్రవరి ఒకటో తేదీకి ఇదే పిల్లాడు మైదానంలో అమ్మ మాటలో ఏదో అంటే ఇదే టీచరు, షోనా గెడ్డీస్, మంచి పిల్లే పాపం, కిటికీలోంచి తల బయటపెట్టి "సరిగ్గా మాట్లాడు నాన్నా" అంటుంది. పదకొండు నెలలు సరిగ్గా మాట్లాడి ఒక నెల ముద్దుగా మాట్లాడాలి. పదమూడు పుస్తకాలు రాసింది ఎల్స్‌పెట్, అన్నీ సన్నవే, అట్టల మీద సీగల్‌లూ గొర్రెపిల్లలూ. ఎక్కడికెళ్ళినా ఎవరో ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని "మా బామ్మ అచ్చం ఇలాగే మాట్లాడేదండీ" అంటుంది, కళ్ళు తుడుచుకుంటుంది, పక్కనున్న మనవడితో మాత్రం ఇంగ్లీషులో "కోటు గుండీలు పెట్టుకో" అంటుంది. వినీ వినీ ఎల్స్‌పెట్‌కి విసుగు కూడా పోయింది, అలసట మిగిలింది. అలసట కూడా పాతబడిపోయింది.

పద్దెనిమిది. కుండ, ఉప్పు, పొట్ట. ఎనిమిది, ఏడు, ఆరు.

హాల్లో తడి ఉన్ని వాసన, మధ్యాహ్నం పెట్టిన కీమా వాసన, నేలకి రాసిన మైనం వాసన. మైనం వాసన మాత్రం మారలేదు. యాభై ఏడేళ్ళ కిందట ఎల్స్‌పెట్, ఇరవై రెండేళ్ళ పిల్ల, కొత్త బూట్లు, జడ కొప్పుగా చుట్టుకుని ఇదే హాల్లో నిలబడింది. రేవుకి పన్నెండు మైళ్ళ దూరంలో, లోపలి పల్లెలో, ఆవుల కొట్టంలో పనిచేసే వాళ్ళమ్మాయి. వాళ్ళమ్మ ఇంట్లో స్కాట్స్ తప్ప ఎరగదు, అయినా కూతురి నోట ఆ మాట వస్తే చెంప మీద ఒకటిచ్చేది, "పాదిరి గారి భార్యలాగా మాట్లాడవే, లేకపోతే నాలాగా పేడే ఎత్తుతావు" అనేది, ఆ తిట్టు కూడా స్కాట్స్‌లోనే. అలా తన్నులు తిని నేర్చుకున్న ఇంగ్లీషుతో టీచరై వచ్చింది. మొదటిరోజే హెడ్మాస్టరు సొరుగు తీసి తోలు బెల్టు చేతిలో పెట్టాడు, రెండు పాయలుగా చీల్చిన బెల్టు, సుద్దముక్కల పెట్టె ఇచ్చినంత మామూలుగా. మెడ వెనక, గౌను కింద, భుజం మీద వేసుకోవాలి, అప్పుడు వెచ్చగా మెత్తగా ఉంటుంది, అన్నాడు. మెత్తగా ఉంటే మంచిదనుకుంది. కాదు, మెత్తగా ఉంటే కొట్టినప్పుడు పిల్లల చేతికి బాగా అంటుకుంటుందని తరవాత తెలిసింది.

ఆ ఊళ్ళో మనుషులకి పేర్లు తక్కువ. ఇంటిపేర్లు మూడే, మేర్, స్లేటర్, పిరీ. మగపిల్లలంతా జీమ్స్ లేకపోతే జాన్. ఆమె తరగతిలోనే ముగ్గురు జీమ్స్ మేర్లు. అందుకని ప్రతి ఇంటికీ ఒక అడ్డపేరు, అదే అసలు పేరు, ఆ పేరుతోనే పిలుచుకుంటారు, పడవ పోతే ఆ పేరుతోనే ఏడుస్తారు. కానీ పైవాళ్ళ ముందు, బయటి ఊళ్ళవాళ్ళ ముందు, అనరు. పడవవాళ్ళకి ఆవులవాళ్ళెప్పుడూ పైవాళ్ళే. నవంబరులో ఒక పడవ తిరిగి రాలేదు. అయిదుగురు. సోమవారం పొద్దున్న హెడ్మాస్టరు తలుపు సందులోంచి తల పెట్టి, "తారీ వాళ్ళబ్బాయి ఇవాళ బడికొచ్చాడు, కాస్త చూసుకో" అని వెళ్ళిపోయాడు. తారీ ఎవరు? ముగ్గురు జీమ్స్‌లలో తారీ కొడుకు ఎవరు? ఒక్క మాట, ఒకే ఒక్క మాట, వెనకాలే వెళ్ళి వరండాలో "ఎవరండీ?" అంటే అయిపోయేది. అడగలేదు. వచ్చి మూడు నెలలైంది, ఇంకా పేర్లు తెలీవంటే నవ్వుతారని సిగ్గుపడింది. మనిషి జీవితంలో చేసిన పెద్ద తప్పు ఏమిటని ఎవరైనా అడిగితే ఎల్స్‌పెట్ ఇది చెప్పాలి, కొట్టడం కాదు, అడగకపోవడం. ఎవరూ అడగలేదు లెండి ఇంతవరకూ. పిల్లల కవయిత్రిని మీకిష్టమైన జంతువేదని అడుగుతారు.

ఇరవై ఒకటి మధ్యలో మర్చిపోయింది. పది కాళ్ళున్నాయి, పది కాళ్ళున్నాయి, పది కాళ్ళున్నాయి. కళ్ళనిండా నీళ్ళు. షోనా పెదాలతో అందించింది. ధారణకి నాలుగు వెయ్యాలి, ఎల్స్‌పెట్ తొమ్మిది వేసింది, కవిగా ఇంత లంచం ఇచ్చే హక్కయినా ఉండాలి.

ఆ సోమవారమే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బొమ్మల అట్టలు ఒక్కొక్కటీ ఎత్తి చూపించాడు. గుర్రం, ఓడ, యాపిల్. పీత బొమ్మ ఎత్తగానే రెండో వరసలో బక్కపిల్లాడు చెయ్యి కూడా ఎత్తకుండా నిలబడి "పార్టన్" అన్నాడు. "సరైన మాటలో చెప్పు" అంది ఆమె. ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు ఆమె వైపు తిరిగింది. పిల్లాడు ఆమె మాట విన్నట్టే లేడు, ఆ బొమ్మనే చూస్తున్నాడు, చూస్తూ గొంతు పెద్దది చేసి మొదలుపెట్టాడు, పార్టనూ పార్టనూ పక్క నడకేటి, తనకి తాను కట్టుకున్న పాట, నాలుగు లైన్లు గడగడా చెప్పి ఊపిరి తీసుకున్నాడు. ఇంకా ఉంది. ఇంకా ఉందని ఊపిరి తీసుకున్న తీరులోనే తెలుస్తోంది. "చాలు, నోరు ముయ్" అంది. పిల్లలు కిసుక్కుమన్నారు. ఇన్‌స్పెక్టరు పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. పిల్లాడు మళ్ళీ నోరు తెరిచాడు. ఇక లాభం లేదని పిలిచింది. ముందుకొచ్చాడు. చేతులు చాపమంది. ఒక అరచేతి కింద ఇంకో అరచెయ్యి, ఎదురుగా చాపాలి, అందరికీ తెలిసిన పద్ధతే. రెండు దెబ్బలు. ఏడవలేదు. ఇన్‌స్పెక్టరు వెళ్ళేటప్పుడు క్రమశిక్షణ బాగుందన్నాడు.

సాయంత్రం ఆమె అద్దెకున్న ఇంటావిడ, బెల్లా, చేపల పులుసు గిన్నె ముందు పెట్టి ఎదురుగా నిలబడింది. "తారీ కొడుకుని కొట్టినావంట గదా."

"ఎవరిని?"

"ఎవరినేటి, ఆ సిన్నోడిని, జీమ్స్‌గాడిని. ఆడి అయ్యకి శవం కూడా దొరకలేదమ్మా. ఇంట్లో ఏడుపు సూడలేక బడికైనా పోరా అని తోలింది ఆ తల్లి. సదువుకున్నదానివి గదా, నీకు తెలీదేటి?" అంది బెల్లా. జవాబు కోసం ఆగలేదు, శాలువా కప్పుకుని తారీ ఇంటికి వెళ్ళిపోయింది. పులుసు చల్లారిపోయింది. టీచరు పిల్లాడికి క్షమాపణ చెప్పే ఆనవాయితీ ఆ దేశంలో అప్పటికి లేదు, ఆమె మొదలుపెట్టలేదు. మర్నాడు కొత్త పెన్సిలు ఇచ్చింది. "థాంక్యూ వెరీ మచ్, మిస్ లెగ్గట్" అన్నాడు పిల్లాడు, చుక్క కూడా తప్పని ఇంగ్లీషులో. ఆ తరవాత బడి వదిలేదాకా అడిగితేనే మాట్లాడాడు, మాట్లాడితే ఇంగ్లీషే. ఆమె అడిగిందే ఇచ్చాడు.

ఇరవై నాలుగు. ఇరవై అయిదు. సరే, కానివ్వండి, పొట్టలు నిమరండి.

ఇరవై ఏళ్ళ తరవాత ప్రభుత్వం బెల్టులు మానమంది. హెడ్మాస్టరు అట్టపెట్టెలో అందరివీ పోగుచేశాడు, ఎల్స్‌పెట్‌ది పెట్టెలో పడ్డప్పుడు చిన్న చప్పుడు అయింది. ఆ రాత్రి వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ నాలుగు లైన్లూ రాసింది, మర్చిపోతే కదా. అయిదో లైను దగ్గర ఆగిపోయింది. అక్కడ తనే నోరు ముయ్ అంది మరి. వారం రోజులు కూర్చుని కుండ పెట్టింది, ఉప్పేసింది. పుస్తకం అచ్చయింది, పాట పాకిపోయింది, బళ్ళల్లో, బస్సుల్లో, రేవు గోడ మీద రంగుల్లో పీత బొమ్మతో సహా, కింద ఆమె పేరు. జీమ్స్ రోజూ ఆ గోడ దాటే పనికెళ్ళాలి. అతని పిల్లలు ఇదే హాల్లో నిలబడి ఇదే పాట పాడారు. ఒక్కసారి, ఒక్కసారి అతను కొట్టుకి అడ్డంగా నిలబడి "ఆ పాట నాదే" అంటే బాగుండునని ముప్ఫై ఆరేళ్ళు ఎదురుచూసింది. దొంగకి కూడా ఒక వయసొచ్చాక పట్టుబడాలని ఉంటుంది. అతను చలిగా ఉందనే అన్నాడు.

ఇప్పుడు మళ్ళీ అచ్చేస్తారట, పెద్ద బొమ్మలతో. సంచిలో ప్రూఫులున్నాయి. మొదటి పేజీలో "అంకితం" అని, కింద ఖాళీ. శుక్రవారానికి చెప్పాలి, ఇవాళ బుధవారం. ఏం రాయాలో తెలుసు. రాసే ముందు అతని మొహం చూసి అడగాలి, అదీ తెలుసు. పొద్దున్న బస్సులో నలభై నిమిషాలు ఆ మాట నాలిక మీద తిప్పింది, ఇంగ్లీషులో అడిగితే దరఖాస్తులా ఉంది, స్కాట్స్‌లో అడిగితే నాటకంలా ఉంది. కాదంటే? నా పేరెందుకండీ మిస్, అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోతే? మూడున్నరకి బస్సు. ఆ బస్సు దాటితే అయిదున్నర దాకా లేదు. బస్సు వంక మంచి వంక. ఇన్నేళ్ళూ ఏదో ఒక బస్సు ఉంటూనే ఉంది.

ఇరవై ఏడు అయిపోయాడు. షోనా గెడ్డీస్ లేచి "చివరగా మన మిరెన్" అంది.

చిన్నది, ముందు పళ్ళు రెండు లేవు, ఒక సాక్సు జారిపోయింది. వేదిక మీద నిలబడి చేతులు వెనక్కి పెట్టుకుంది. కాగితం చూడకుండా, ఎవర్నీ చూడకుండా మొదలుపెట్టింది. పార్టనూ పార్టనూ, పక్క నడకేటి? ఎల్స్‌పెట్ పెన్సిలు ఏడు దగ్గర పెట్టుకుంది. ఎదురుగా దారుంటే. పది కాళ్ళున్నాయి. అడుగు నేల మీద నీకు అంత పనేటి? ఇక్కడ పిల్ల ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి. ఎల్స్‌పెట్ తలెత్తింది. పిల్ల చేతులు వెనకే ఉన్నాయి, కుండ తిప్పలేదు.

*పార్టనూ పార్టనూ, పక్కకే నడు,*
*అడుగు నేల మీద మా అయ్య ఉన్నాడు.*
*బూట్లతోటే పడుకున్నాడు, గిల్లకు సూడు,*
*దారియ్యి, లెగిసినాక ఇంటికొస్తాడు.*

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పొట్ట నిమరడానికి తయారుగా ఉన్న ముందువరస పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనక ఒక ముసలావిడ, పిరీ వాళ్ళ కోడలు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. షోనా వంగి చెవిలో గుసగుసగా, "సారీ అండీ, ఇంట్లో ఎవరో తప్పు నేర్పినట్టున్నారు, కాగితం పంపించాను కూడా, ధారణకి మీరు ఏమేసినా పర్వాలేదు" అంది. తప్పు. యాభై ఏడేళ్ళుగా ఆ పాటకి చివర్లో ఏముందో తెలీక కుండ పెట్టి ఉడికించింది. పీత పక్కకి ఎందుకు నడుస్తుందో ఇప్పుడు తెలిసింది. చచ్చినవాడికి దారివ్వడానికి. తెలిసిన క్షణాన, ఒళ్ళో తన చేతులు తనకే కనిపించాయి, ఒక అరచేతి కింద ఇంకో అరచెయ్యి, పైకి తిరిగి, ఎప్పుడలా పెట్టుకుందో. పెన్సిలు కింద పడింది.

"మిరెన్, ఇలా రామ్మా. ఆఖరు ముక్క ఎవరు నేర్పారు నీకు?" అడిగింది ఎల్స్‌పెట్.

"తాత" అంది పిల్ల, ఇదేం ప్రశ్న అన్నట్టు. "అది మొదటినించీ అలగే ఉందంట. మీకు మొత్తం సెప్పడానికి అప్పుడు టైం సాలలేదంట."

టైం సాలలేదంట. అంతే అన్నాడు. మనవరాలితో కొట్టిందని అనలేదు, దొంగిలించిందని అనలేదు. ఎల్స్‌పెట్‌కి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు, ఈ వయసులో ఎవరికోసం ఆపుకోవాలి. కళ్ళు తుడుచుకోకుండానే కుర్చీ పట్టుకుని లేచింది. మోకాలు టక్కుమంది. హాలు పొడుగు ముప్ఫై అడుగులుంటుంది, పిల్లలు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. గోడ గడియారంలో మూడూ ఇరవై అయిదు. తడికోట్ల కింద జీమ్స్ మేర్ ఆమె వస్తుంటే లేచి నిలబడ్డాడు, టీచరు దగ్గరికొస్తే లేచినట్టే.

"బస్సు టైమైపోతన్నాదండీ మిస్" అన్నాడు.

"పోనీ" అంది ఆమె, వాళ్ళమ్మ మాటలో, ఆ ఊళ్ళో అంతకు ముందెప్పుడూ ఎవరితోనూ అననంత మామూలుగా. "జీమ్స్, నన్ను మన్నించమని అడిగే మొహం నాకు లేదు. ఆ పాట పుస్తకంలో నీ పేరుతో ఉండాలి. పూర్తిగా ఉండాలి. సెప్పు, రాసుకుంటాను."

అతను టోపీ అంచు రెండుసార్లు తిప్పాడు. వలల మనిషి చేతులు, అరచేతుల నిండా పాత కోతలు, ఏ గీత దేనిదో చెప్పలేం. "ఇప్పుడా? ఇంతమందిలోనా?"

"అప్పుడూ ఇంతమంది ఉన్నారు."

అతను నవ్వాడో, దగ్గాడో. మనవరాలు పరుగెత్తుకొచ్చి అతని కోటు జేబులో చెయ్యి దూర్చి నిలబడింది. ఎల్స్‌పెట్ మార్కుల కాగితం వెనక్కి తిప్పి గోడకి ఆనించి పెట్టింది. పెన్సిలు లేదు. షోనా పరుగున తెచ్చిచ్చింది.

"తప్పులొస్తే కొట్టీకండి మిస్" అన్నాడు జీమ్స్ మేర్. టోపీ జేబులో కుక్కుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని, మొదటినించీ మొదలుపెట్టాడు. నాలుగు లైన్లయ్యాక ఊపిరి తీసుకున్నాడు. ఎల్స్‌పెట్ పెన్సిలు కాగితం మీద ఉంచి, అతను మళ్ళీ అందుకునేదాకా ఆగింది.